గుండ్ల మీద బరువు పడకుండా

వీలు బేరింగు పోతే ఆ సంగతి మొదట చెవికే తెలుస్తుంది. వేగం యాభై దాటగానే కింద నుంచి ఒక హోరు, వేగంతో పాటే పెరుగుతూ. స్టీరింగు కుడికి తిప్పినప్పుడు హోరు ఎక్కువైతే అనుమానం ఎడమ చక్రం మీద, మలుపులో బరువంతా అటే ఒరుగుతుంది కనుక. మా ఇంటి కారుకి ఎడమ ముందు బేరింగు మార్చిన కొన్ని నెలలకే మళ్లీ అదే హోరు వచ్చేది. సరుకు నకిలీ అన్నారొకరు, రోడ్లు పాడన్నారు ఇంకొకరు. అదే రోడ్డు మీద తిరిగిన కుడి చక్రానికి మాత్రం కారుతో వచ్చిన బేరింగే ఇంకా ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో చివరికి ఈ పని చేసిన మేస్త్రి కొత్త బేరింగు డబ్బా ముట్టుకోలేదు. ముందు పాతదాన్ని గ్రైండరుతో కోసి, లోపలి బాట తుడిచి వెలుతురులో పెట్టాడు. చుట్టూతా, ఒకే అంచున, గుండు గుండుకీ ఉన్నంత ఎడంలో సన్నని నొక్కులు. గోతిలో పడ్డ దెబ్బైతే బాటలో ఒక పక్కనే కనిపించాలి. ఇవి ప్రెస్సు కింద పడ్డవి.

ఈ రకం కార్లలో బేరింగు బయటి రింగు నకిల్‌లోకి బిగుతుగా దిగుతుంది, లోపలి రింగులోకి హబ్బు బిగుతుగా దూరుతుంది. నకిల్‌లోకి దించేటప్పుడు ప్రెస్సు బయటి రింగునే నెట్టాలి. హబ్బు దూర్చేటప్పుడు కింద ఆనింపు లోపలి రింగుకే ఉండాలి. ఇది తారుమారైతే టన్నుల బలం గుండ్ల గుండా పోతుంది. గుండు బాటను తాకే చోటు సూదిమొనంత. ఒక శాతం కార్బను, ఒకటిన్నర శాతం క్రోమియం కలిపి గట్టిపరచిన ఉక్కు కూడా అక్కడ నొక్కుకుపోతుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ గుండ్లను ఒకే కొలతకు, నున్నగా సానబట్టే మిషను తయారుచేశాడు. అక్కణ్ణించి మొదలైన నునుపంతా పోవడానికి ప్రెస్సు పిడి ఒక్కసారి తప్పుగా నొక్కితే చాలు.

మేస్త్రి దగ్గర డబ్బా నిండా పాత బేరింగుల బయటి రింగులున్నాయి. వాటి బయటి అంచు ఒక వెంట్రుకవాసి అరగదీయించి పెట్టుకున్నాడు. కొత్త బేరింగును నెట్టడానికి అంతకంటే సరైన కొలత గల ఆనింపు ఏ దుకాణంలోనూ కొననక్కర్లేదు. నకిల్ గుంటను తుడిచి, వేలితో తడిమి, తర్వాత గేజి పెట్టి అడ్డంగా నిలువుగా కొలిచాడు. అక్కడ తేడా లేదు. హబ్బు మెడ మీద మాత్రం ఉలి గాటు దొరికింది. అతుక్కుపోయిన పాత రింగును ఎవరో కొట్టి ఊడదీసినప్పటి గుర్తు. డయలు గేజి ముల్లు కూడా ఊగింది. గాటును ఆకురాయితో సరిచేసి సరిపెట్టేయొచ్చు, చాలామంది అదే చేస్తారు. ఆయన హబ్బు పక్కన పడేసి కొత్తది తెమ్మన్నాడు.

ఏబీఎస్ సెన్సరు చదివే అయస్కాంతపు సీలు లోపలి వైపుకే ఉందని రెండుసార్లు చూసుకున్నాడు. నెట్టేటప్పుడు ఆయన కళ్లు ప్రెస్సు ముల్లు మీదే. బేరింగు అడుగు తాకగానే ముల్లు ఎగబాకుతుంది, చెయ్యి అక్కడే ఆగింది. సర్‌క్లిప్ గాడిలో పడ్డాక హబ్బు వంతు. కొత్త యాక్సిల్ నట్టును గాలి గన్‌తో బిగించకుండా, తయారీదారు చెప్పిన అంకెకు టార్కు రెంచీతోనే బిగించాడు. లోపలి రింగు రెండు ముక్కలు. వాటిని దగ్గరకు లాగి పట్టేది ఆ నట్టే. అది బిగిసేదాకా జాకీ దించి చక్రం మీద బరువు మోపనివ్వలేదు.

పనిలో పనిగా కుడిది కూడా మార్చేయమన్నాను. ‘‘దాని జోలికి పోవద్దండీ. ఊడదీశామంటే అదీ చెడుతుంది’’ అన్నాడు. నిజమే, హబ్బును బయటికి నెట్టేటప్పుడు ఆ బలం గుండ్ల మీదుగానే పోతుంది. కూలి మామూలు కంటే ఎక్కువే అడిగాడు. కొలతలకు పట్టిన సేపు చూశాక బేరమాడబుద్ధి కాలేదు.