పాత స్పీకర్‌కి పెట్టె కట్టే ముందు

వాల్వు రేడియోలోంచి ఊడదీసిన స్పీకర్‌ని చిన్న ప్లైవుడ్ పెట్టెలో బిగించి, "పాత సరుకు, ఇంతే పలుకుతుంది" అని పక్కన పడేసేవాళ్లు చాలామంది. తప్పు చాలావరకు పెట్టెదే.

ముందు స్పీకర్ ఎవరిదో, ఎప్పటిదో తేలాలి. అమెరికన్ సరుకైతే లేబుల్ ఊడినా చట్రం మీద తరచుగా అంకెల ముద్ర మిగులుతుంది. 220632 అని ఉందనుకోండి. 220 జెన్సన్ కంపెనీ సంఖ్య, 6 సంవత్సరంలో చివరి అంకె, 32 ఆ ఏడాదిలో వారం. 328 అయితే యూటా, 137 అయితే సీటీఎస్. చిక్కల్లా ఆ 6తోనే. అది 1956 కావచ్చు, 1966 కావచ్చు. ఏ సెట్టులోంచి వచ్చిందో, అయస్కాంతం ఏ రకమో చూసి తేల్చుకోవాలి. వెనక తీగచుట్టకు వేరే వైర్లుంటే అది ఫీల్డ్ కాయిల్ రకం, చుట్టకు డీసీ కరెంటు ఇవ్వందే పలకదు. ఆ తర్వాత ఆల్నికో శాశ్వత అయస్కాంతం వచ్చింది. 1970ల చివర జైర్‌లో అల్లర్ల వల్ల ఆల్నికోలో వాడే కోబాల్టు ధర మండిపోయి, కంపెనీలు నల్లటి ఫెర్రైట్ చక్రాలకు మళ్లాయి.

మల్టీమీటర్ 6 ఓమ్‌ల దరిదాపు చూపిస్తే అది 8 ఓమ్‌ల స్పీకర్. కోన్‌ని రెండు పక్కలా వేళ్లతో సమంగా నొక్కినప్పుడు గరగరమంటే కాయిల్ రాసుకుంటోందని అర్థం. దాన్ని బాగుచేయించాకే పెట్టె మాట.

ఇక అసలు సంగతి. ఆనాటి రేడియో పెట్టెలకు వెనక మూత బిగుతుగా ఉండేది కాదు, గాలి స్వేచ్ఛగా ఆడేది. స్పీకర్లు దానికి తగ్గట్టే తయారయ్యాయి. మూసిన పెట్టెలో గాలి కూడా ఒక స్ప్రింగే. 40 హెర్ట్జ్ దగ్గర అనునాదమయ్యే స్పీకర్, దాని కోన్ బిగువుకు సమానమైన గాలి 90 లీటర్లు అనుకుందాం. 30 లీటర్ల పెట్టెలో బిగిస్తే ఆ అనునాదం 80కి ఎక్కుతుంది. లోతైన బేస్ పోయి బొయ్యిమనే మోత మిగులుతుంది. 1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 స్పీకర్‌తో చిన్న పెట్టెలోనే బేస్ పలికించిన మాట నిజమే. కానీ ఆయన కోన్‌ని కావాలనే మెత్తగా వేలాడదీసి, బిగువు పనిని గాలికి అప్పగించాడు. రేడియో స్పీకర్‌కి ఆ సూత్రం పనికిరాదు.

అనునాదం, గాలి పరిమాణం లాంటి ఈ లెక్కలు స్పీకర్లతోపాటు అచ్చై రావడం, ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజనీరు 1961లో మొదలుపెట్టిన పనిని స్మాల్ అనే మరో ఇంజనీరు 1970లలో పూర్తిచేశాకే. అంతకు ముందువాటిని మనమే కొలవాలి. వంద ఓమ్‌లకు పైబడిన రెసిస్టర్‌ని స్పీకర్‌తో వరుసలో కలిపి, టోన్ జనరేటర్ నుంచి చిన్న సంకేతం పంపి, పౌనఃపున్యం మారుస్తూ పోండి. స్పీకర్ కొసల మధ్య వోల్టేజి శిఖరానికి చేరిన పౌనఃపున్యమే అనునాదం. ఆ శిఖరం ఎత్తూ వెడల్పూ లెక్కిస్తే క్యూటీఎస్, అంటే అనునాదం ఎంతగా అదుపులో ఉందో చెప్పే సంఖ్య, వస్తుంది. 0.4 లోపుంటే గొట్టం ఉన్న రిఫ్లెక్స్ పెట్టె, 0.7 దాకా మూసిన పెట్టె, ఆపైన ఉంటే తెరిచిన పలక. ఇది స్థూలమైన లెక్కే గానీ మోసం చేయదు.

కొలిచే ఓపిక లేకపోతే రెండడుగుల వెడల్పు పలకకు, మధ్యలో కాక కాస్త పక్కగా బిగించి, గోడకు దూరంగా నిలబెట్టి వినండి. ప్లైవుడ్ కోయించడం ఆ తర్వాత.