పెన్సిలు ఎక్కడ ఆగాలి?

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సు కోసం కాసేపు నిలబడితే నాలుగు జిల్లాల తెలుగు చెవిన పడుతుంది. నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసేవాళ్లు, హబ్సిగూడ పరిశోధనాలయాల ఉద్యోగులు, అందరి మాటా అక్కడే కలుస్తుంది. వీళ్లలో ఎవరైనా "సార్, కథ రాసిన, జర చూసి చెప్పండ్రి" అని కాగితాలు చేతిలో పెడితే, దిద్దేవాడికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. తప్పేదో, రాసినవాడి గొంతేదో ముందు తేల్చుకోవాలి.

రాస్తున్నవాడికి మరొకరు తోడుండటం మనకు పాత అలవాటే. భారత రచనలో నారాయణభట్టు తనకు తోడ్పడ్డాడని 11వ శతాబ్దంలో నన్నయ అవతారికలోనే చెప్పుకున్నాడు. మన కాలానికి వస్తే, చందమామలో కొడవటిగంటి కుటుంబరావు వచ్చిన కథల్ని తన వాక్యంలోకి తిరగరాసేవారు. ఆ పత్రికకు ఒకే గొంతు కావాలి కాబట్టి అది చెల్లింది. కొత్త కథకుడి రాతప్రతి మీద అదే పని చేస్తే మాత్రం కథ మిగులుతుంది, కథకుడు మిగలడు.

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిలు ముట్టకూడదు. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ ఈ పాత్ర ఎవరని వెనక్కి తిరిగి చూశాం అన్నది ఆ ఒక్కసారే నిజంగా తెలుస్తుంది. రెండోసారి పైకి చదవాలి, వీలైతే రాసినవాడి చేతే చదివించాలి. నాలుక తడబడిన చోట వాక్యం చాలావరకు చెడే ఉంటుంది.

వ్యాకరణంలో పేచీ లేని తప్పులున్నాయి. 'అర్థరాత్రి' అని రాస్తే అర్ధరాత్రి కాదు. 'నైపుణ్యత', 'ప్రాధాన్యత' అంటూ అక్కరలేని తోక తగిలించడం ఇంకొకటి. అంతకంటే తరచుగా కనబడేది కర్త మారిపోవడం. "రాములు బస్సు దిగి వాన మొదలైంది" అంటే దిగింది వానా, రాములా? 'దిగేసరికి' అంటే సరిపోతుంది. "అతనిచేత తలుపు తెరవబడింది" లాంటివి చూస్తే నాకు చిరాకు. అతను తలుపు తీశాడు, అంతే కదా!

మర్యాద సంగతి ఇంకా సున్నితం. తండ్రి గురించి ఒక పేరాలో 'వచ్చారు' అని, మరో పేరాలో 'వచ్చాడు' అని ఉంటే వెంటనే కొట్టేయకూడదు. కొడుక్కి కోపమొచ్చిన చోట గౌరవం జారిపోయిందేమో. అడగాలి. రాసినవాడికే తెలియకుండా జారితే అప్పుడు దిద్దుకోమనాలి.

యాస దగ్గరే పెన్సిళ్లు ఎక్కువ పాపం చేశాయి. 'పోయిండు'ను 'వెళ్ళాడు' చేసి, భాష బాగుపడిందనుకున్నవాళ్లు కొల్లలు. పి. యశోదారెడ్డి 1973లోనే 'మా ఊరి ముచ్చట్లు'ను పాలమూరు పలుకుబడిలో నడిపించారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాటతోనే కథ మొత్తం చెప్పారు. సంభాషణల్లోనే కాదు, కథనంలోనూ యాసకు చోటుందని వాళ్లిద్దరి పుస్తకాలే చెబుతాయి. అలాగని యాస పేరు చెబితే అన్నీ చెల్లవు. కథ చెప్పేవాడు మొదటి పేజీలో 'పోయిండు' అని, మూడో పేజీలో కారణం లేకుండా 'వెళ్ళాడు' అంటే అది తప్పే. నాచారం కంపెనీలో సూపర్‌వైజరు హిందీ కలిపి అరుస్తుంటే దాన్ని చక్కటి తెలుగులోకి మార్చడమూ తప్పే.

అంచున కొత్త వాక్యం రాయకుండా ప్రశ్న రాయడం మేలు. "ఈమె ఇక్కడ ఎందుకు నవ్వింది?" అంటే రచయిత ఆలోచిస్తాడు. "ఇలా రాయి" అంటే ఎత్తి రాసుకుంటాడు. గురజాడ 1897 నాటి కన్యాశుల్కాన్ని 1909లో దాదాపు కొత్త నాటకంగా మలిచాడు. అంత తిరగరాత రచయిత చేతుల మీదుగానే జరగాలి. శైలి విషయంలో మన సలహా అతనికి నచ్చకపోతే గీత చెరిపేసి కాగితాలు తిరిగిచ్చేయాలి.

'అర్థరాత్రి' దగ్గర మాత్రం నేను తగ్గను.