గుండెపోటుకు బెర్నౌలీ బాధ్యుడా?

జంషెడ్‌పూర్ వారికి గొట్టాల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్కు గొట్టాలు తయారయ్యే ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తాతో తండ్రో కర్మాగారంలో పనిచేసిన ఇళ్ళు ఎన్నో. అలాంటి ఇంటి పిల్లలకు రక్తనాళాన్ని గొట్టంతో పోల్చి చెబితే చప్పున అర్థమవుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది.

ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో వెలువరించిన పదకొండో తరగతి భౌతికశాస్త్ర పుస్తకంలో, ప్రవాహుల పాఠంలో, గుండెపోటు గురించి ఒక చిన్న పేరా ఉండేది. మీలో కొందరు, మీ అన్నలు, అక్కలు దాన్ని చదివే ఉంటారు. దాని సారాంశం ఇది: ధమని లోపలి గోడకు గార పట్టి దారి ఇరుకవుతుంది. ఇరుకులో రక్తం వేగం పెరుగుతుంది. బెర్నౌలీ సూత్రం ప్రకారం అక్కడ పీడనం తగ్గుతుంది. బయటి పీడనానికి ధమని ముడుచుకుపోతుంది. గుండె మళ్ళీ నెట్టి తెరుస్తుంది, ధమని మళ్ళీ ముడుచుకుంటుంది. చివరకు గుండెపోటు రావచ్చు.

భౌతికశాస్త్రాన్ని శరీరంలోకి తీసుకువెళ్ళిన ఈ ప్రయత్నం మెచ్చదగినదే. కాని చెప్పినది నిజమేనా? కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేసి చూద్దాం.

గుండె కండరానికి రక్తం అందించే హృదయ ధమనిలో రక్తం వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఒకచోట ధమని వ్యాసం సగమైంది. వైశాల్యం నాలుగో వంతవుతుంది కనుక, అంతే రక్తం పోవాలంటే వేగం 80 సెంటీమీటర్లకు పెరగాలి. రక్తం సాంద్రత ఘనమీటరుకు 1060 కిలోగ్రాములు. బెర్నౌలీ సమీకరణంలో ఈ అంకెలు వేస్తే పీడనంలో తగ్గుదల సుమారు 320 పాస్కల్‌లు, అంటే 2.4 మిల్లీమీటర్ల పాదరసం. ధమనులలో సగటు పీడనం 90కి పైమాటే. తొంభైలో రెండున్నర పోయినంత మాత్రాన నాళం ముడుచుకుంటుందా? ఇరుకు మరీ ఎక్కువైతే తగ్గుదల పెరుగుతుంది, నిజమే. కాని బెర్నౌలీ సూత్రం స్నిగ్ధత లేని ప్రవాహికి చెప్పినది. రక్తం నీటికంటే మూడు నాలుగు రెట్లు చిక్కన.

స్నిగ్ధత సంగతి తేల్చినవాడు ఒక వైద్యుడు, ఫ్రాన్సుకు చెందిన ప్వాజోయ్. పాయిజ్ అనే ప్రమాణం ఈయన పేరు మీద వచ్చినదే. 1840 ప్రాంతంలో సన్నని గాజు నాళికలలో నీటిని పారించి, ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని ఆయన చూపాడు. పీడనం మారకుండా వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. పదిశాతం తగ్గినా ప్రవాహం 34 శాతం తగ్గుతుంది.

శరీరం ఈ కిటుకును నిత్యం వాడుకుంటుంది. కండరపు గోడలున్న సన్నని ధమనికలే రక్తప్రసరణకు అసలు కుళాయిలు. పెద్ద ధమనులలో పీడనం అంతగా తగ్గదు. ధమనికలు దాటేసరికి తొంభై కాస్తా ముప్ఫై అయిదు ప్రాంతానికి దిగుతుంది. నిరోధంలో పెద్ద వాటా ఇక్కడే ఉందన్నమాట. కొలిమి ముందు నిలబడిన కార్మికుడి చర్మంలో ధమనికలు విచ్చుకుంటాయి, రక్తం వేడిని పైకి తెచ్చి వదిలేస్తుంది. ఒళ్ళంతటా ధమనికలు ఏళ్ళ తరబడి బిగిసి ఉంటే రక్తపోటు పెరిగే ఉంటుంది.

గుండెలోనూ అంతే. పెద్ద ధమని సగం ఇరుకైనా దాని దిగువ ధమనికలు విచ్చుకుని మొత్తం నిరోధాన్ని సరిచేస్తాయి. కూర్చున్నంతసేపూ మనిషికి ఏమీ తెలియదు. ఇరుకు ఇంకా పెరిగితే మెట్లెక్కేటప్పుడు విచ్చుకోవడానికి ఇక మిగిలేది ఉండదు, ఛాతీ నొప్పి మొదలవుతుంది. రక్తనాళపు లోపలి పొర ప్రవాహపు ఒరిపిడిని గుర్తించి, నైట్రిక్ ఆక్సైడ్ వదిలి నాళాన్ని సడలిస్తుంది కూడా. ఈ అణువు పాత్రను వెలికితీసిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఉక్కు గొట్టానికి ఇంత తెలివి ఎక్కడిది?

మరి గుండెపోటు ఎలా వస్తుంది? ఎక్కువగా గార పొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టడం వల్ల. 1980లో అమెరికా వైద్యుడు డివుడ్, ఆయన సహచరులు, నొప్పి మొదలైన నాలుగు గంటలలోపు పరీక్షించిన 126 మందిలో 110 మందికి ధమని పూర్తిగా మూసుకుపోయి ఉందని చూపారు. మరీ ఇరుకుకాని చోట కూడా ఇలా జరగవచ్చు. 2006 నాటికి ఇది కొత్త సంగతి కాదు. ఆ పేరాలో గడ్డ ఊసే లేకపోవడం అసలు లోపం.

ఇది పరీక్షలో ఒక మార్కుకు సంబంధించిన తగాదా కాదు. ధమని ముడుచుకుని తెరుచుకుంటూ ఉంటుందని నమ్మిన విద్యార్థి, ఇంట్లో నాన్నగారికి ఛాతీ నొప్పి వస్తే “కాసేపట్లో అదే సర్దుకుంటుంది” అనుకోవచ్చు. గడ్డ అని తెలిసినవాడు ఆగడు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళతాడు. గడ్డను కరిగించే మందు ఉంది, బెలూనుతో దారి తెరిచే పద్ధతి ఉంది. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుంది.

అందుకే, పాఠ్యపుస్తకంలో అచ్చయిన ఉదాహరణ అయినా సరే, అంకెలు వేసి చూడండి. బెర్నౌలీ తప్పు చెప్పలేదు. ఆయనను పిలవకూడని చోటికి పిలిచాం, అంతే.