ముద్రిత ఆంటెన్నా - అడుగవలసిన నాల్గవ ప్రశ్న

కాన్‌స్టంటైన్ బలానిస్ రచించిన ‘ఆంటెన్నా థియరీ’ 1982లో తొలిసారి వెలువడినది. 2005 నాటి మూడవ కూర్పులో ముద్రిత ఆంటెన్నాలకు ఒక అధ్యాయమే కలదు. విద్యార్థులు విశేషముగా చదువు ఈ అధ్యాయము గుణదోషములను పరిశీలింపవలసి యున్నది.

విద్యుత్తును ప్రవహింపనీయని ఫలకమునకు ఒక వైపంతయు రాగిరేకు, రెండవ వైపున కొలత ప్రకారము చిన్న రాగిముక్క: ఇదియే ముద్రిత ఆంటెన్నా. ఫలకపు రోధక స్థిరాంకము పెరిగినకొలది దానిలో తరంగము పొట్టిదగును, రాగిముక్కయు చిన్నదగును.

గ్రంథకర్త లెక్కకు మూడు విషయములే అడుగును: స్థిరాంకము 2.2, మందము 0.1588 సెం.మీ., పౌనఃపున్యము 10 గిగాహెర్ట్జ్. పొడవు 0.906 సెం.మీ. అని తేల్చును. గాలిలో అర్ధతరంగము 1.5 సెం.మీ.; దానిని 2.2 వర్గమూలముచే భాగించిన సుమారు 1.01 వచ్చును. అంచులవద్ద క్షేత్రము వెలుపలికి వ్యాపించుటచే పొడవు ఇంకను తగ్గింపవలెను. ప్రతి మెట్టును చూపుట ఈ గ్రంథమునకు గొప్ప గుణము.

లోపమెక్కడ? ఫలకము ఎంత శక్తిని వేడిగా మార్చునను నాల్గవ ప్రశ్న ఈ లెక్కలో లేదు. నష్టముల చర్చ అధ్యాయములో వేరొక చోట నున్నది. ఉదాహరణమునకు తీసికొన్న ఆర్‌టీ డ్యూరాయిడ్ 5880 ఫలకపు నష్టాంకము 0.0009 మాత్రమే. విద్యార్థికి చౌకగా దొరకు గాజునార-ఎపాక్సీ ఫలకము ఎఫ్ఆర్-4 నష్టాంకమో, సుమారు 0.02, స్థిరాంకము సుమారు 4.4. సూత్రము రాగిముక్క చిన్నదైనదని చెప్పునే కాని, నష్టము పెరిగినదని చెప్పదు.

పలుచని ఫలకముపై నిలువయున్న శక్తిలో 0.02 వంతు తరంగముగా వెడలుచున్నదనుకొందము. అంతలో ఫలకము నష్టాంకమునకు సమమైన వంతును మ్రింగును. రాగిలోని నష్టమును విడిచినను, ఎఫ్ఆర్-4పై సగము శక్తి వేడియగును. డ్యూరాయిడ్‌పై వికిరణము అంతే యనుకొన్నచో నూటికి 95 వంతులకు పైగా వెలువడును.

మరియొక చిక్కు కలదు. ఎఫ్ఆర్-4 స్థిరాంకము తయారీని బట్టి మారును. అది 4.2కు బదులు 4.6 అయినచో పౌనఃపున్యము నూటికి 4 వంతులకు పైగా తగ్గును. పలుచని ఆంటెన్నా పనిచేయు పట్టీయే నూటికి కొద్ది వంతులు; కావున లెక్క సరియైనను ఆంటెన్నా శ్రుతి తప్పును.

ఎఫ్ఆర్-4 పనికిరానిదని దీని భావము కాదు. తక్కువ దూరమునకు, తక్కువ ఖర్చునకు అది చాలును. కాని చిన్నదగుట మేలగుటగా భ్రమింపరాదు. ఫలకము ఆంటెన్నాకు పీఠము కాదు, అందొక భాగము. ఉపాధ్యాయులు సూత్రమును నల్లబల్లపై వ్రాయుటకు ముందే నాల్గవ ప్రశ్నను వ్రాయుట మంచిది.