తీగ లాగితే దొరికిన లోపం

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ కార్లు నీట మునిగాయి. వరద తీసినా కనెక్టర్లలో చిక్కిన తేమ నెలల తర్వాత కూడా దెబ్బతీయగలదు: ఆటోమేటిక్ కారు లివర్ 'పీ' (పార్క్)లో ఉన్నా ఇంజిన్ స్టార్ట్ కాదు. గేరు ఎక్కడుందో సెన్సర్ చెప్పకపోతే కంప్యూటర్ స్టార్టర్‌ను తిరగనివ్వదు.

నగరంలోని ఆటోనగర్‌లో మంచి ఎలక్ట్రీషియన్ వెంటనే సెన్సర్ మార్చెయ్యడు. ముందు బ్యాటరీ చూస్తాడు. లివర్‌ను న్యూట్రల్‌కు తెచ్చి తాళం తిప్పుతాడు. కనెక్టర్ విప్పి మల్టీమీటర్ పెడతాడు. సెన్సర్‌కు సరైన వోల్టేజీ అందాలి, ఎర్త్ గట్టిగా ఉండాలి. అవి బాగుంటే, కనెక్టర్ మళ్లీ బిగించి, గేర్లు మారుస్తూ వైరు కట్టను వేళ్లతో కదుపుతాడు. మీటరులో అంకె ఠక్కున పడిపోయిందా, లోపం అక్కడే! పచ్చగా చిలుముపట్టిన ఒక్క పిన్ను.

ఎంత ఓపికైన పని! సెన్సర్ ఖర్చు తప్పించిన ఆ చేతికి కూలి దగ్గర బేరమాడకండి.