చెప్పని జబ్బును పట్టే చూపు

హైస్కూలు పిల్లవాణ్ని డాక్టరు ‘ఎట్లున్నవ్ రా?’ అని అడిగితే ‘మంచిగున్న సార్’ అనే అంటాడు. ఆసుపత్రికి వెళ్లినవాడు తన బాధ తానే చెప్పుకుంటాడు. బడికి వచ్చిన డాక్టరుకు ఆ సాయం లేదు. ఎవరూ చెప్పని బాధను వెతికి పట్టుకోవాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సర్కారు బళ్లలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలకు అప్పగించింది ఈ పనినే. పథకాల జాబితాలో ఒక పేరుగా చదివి వదిలేస్తే అందులోని పనితనం కనబడదు.

ఈ కార్యక్రమం 2013 ఫిబ్రవరిలో మొదలైంది. అంతకు ముందే, 2010లో, ఉమ్మడి రాష్ట్రంలో ఇలాంటిదే జవహర్ బాల ఆరోగ్య రక్ష అనే పథకం వచ్చింది. ఇప్పటి నియమం ప్రకారం ఒక్కో బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లాలి. ఒక్కసారే కాబట్టి ఆ రోజు కంటబడని లోపం మళ్లీ ఏడాది దాకా ఆగుతుంది.

కంటి పరీక్షనే చూడండి. గోడకు అక్షరాల పటం, ఆరు మీటర్ల దూరంలో పిల్లవాడు. ఇందులో ఏముందనిపిస్తుంది. కానీ వరుసలో నిలబడ్డవాళ్లు ముందువాళ్లు చదివేది విని బట్టీ పడతారు. అందుకే పని తెలిసినవాళ్లు వరుసను గది బయటే ఆపుతారు, అక్షరాలను వెనక నుంచి చదివిస్తారు. ఒక కన్ను మూసుకోమంటే పిల్లలు వేళ్లతో గట్టిగా నొక్కుతారు. చెయ్యి తీశాక ఆ కంటికి కాసేపు మసకే. అరచేతిని దొప్పలా పట్టి, కంటికి తగలకుండా మూయించాలి. వేళ్ల సందులోంచి తొంగిచూసేవాళ్లూ ఉంటారు. అన్నిటికన్నా కీలకం, చదివేటప్పుడు కన్ను చికిలిస్తున్నాడా అని చూడడం. చికిలిస్తే చూపు కాస్త తేటపడుతుంది, అక్షరం దొరుకుతుంది, లోపం దాగిపోతుంది. జవాబు వింటూనే ముఖాన్ని గమనించేవాళ్లకే అది చిక్కుతుంది. లేకపోతే బోర్డు కనబడని పిల్లవాడు ‘చదువు రానివాడు’గానే పదో తరగతి దాటుతాడు.

రక్తహీనతకు కింది రెప్ప లాగి లోపలి ఎరుపు చూస్తారు. ట్యూబులైటు కింద కాదు, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడాలి. నాలుక, గోళ్లు, అరచెయ్యి కూడా చూడాలి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువున్నవాళ్లే. ఆ లోటు మొదలయ్యేది ఈ బడి వయసులోనే. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మరుసటి వారం పిల్లలు దాచి పారేస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక తన ముందే మింగించే టీచరుకు ఈ పనిలో డాక్టరంత వాటా ఉంది.

స్టెతస్కోపు వంతు వచ్చినప్పుడు గది నిశ్శబ్దంగా ఉండాలి. ఎదిగే పిల్లల గుండెలో హాని లేని మర్మర శబ్దాలూ వినిపిస్తాయి. కూర్చోబెట్టి, పడుకోబెట్టి, రెండుసార్లు విని తేడా పట్టాలి. కీళ్లు వాచాయా, గొంతునొప్పి మళ్లీ మళ్లీ వచ్చిందా అని అడగాలి. పట్టించుకోని గొంతునొప్పి రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీసేది ఎక్కువగా 5–15 ఏళ్ల మధ్యే. సకాలంలో పట్టుకుంటే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో మళ్లీ రాకుండా ఆపవచ్చు.

బృందంలో ఒక మహిళా డాక్టరు ఉండాలన్న నియమం విలువ ఆడపిల్లల గదిలో తెలుస్తుంది. నెలసరి నొప్పి గురించి తొమ్మిదో తరగతి అమ్మాయి మగ డాక్టరుకు చెప్పదు. తలుపు దగ్గరికి వేసి, ‘ఏం గాదు బిడ్డా, చెప్పు’ అంటే అప్పుడు నోరు విప్పుతుంది. కొత్తగూడ, గంగారం వైపు ఆశ్రమ పాఠశాలల్లో ఇది మరీ అవసరం. అక్కడ పక్కన తల్లి ఉండదు.

తర్వాతిది రెఫర్ స్లిప్పు. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పొమ్మంటే పత్తి ఏరే తల్లికి ఒకరోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి కొన్ని పరీక్షలకైనా దూరం తగ్గింది. అయినా స్లిప్పు పుస్తకం మధ్యలోనే ఉండిపోవచ్చు. అందుకే శ్రద్ధ గల బృందం ఇంటివాళ్లకు ఫోన్ చేస్తుంది, హెడ్మాస్టరుకు పేర్లు రాసిస్తుంది, మరుసటి ఏడాది వచ్చినప్పుడు పాత స్లిప్పుల పిల్లలనే వరుసలో ముందు నిలబెడుతుంది.