పోలికకు ముందు పొరుగు: లిప్‌సెట్ ‘కాంటినెంటల్ డివైడ్’ – విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

తులనాత్మక రాజకీయాలు చదివే విద్యార్థికి అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాల వంటి అనువైన జంట మరొకటి దొరకడం కష్టం. రెండూ సమాఖ్యలు, రెండూ ప్రజాస్వామ్యాలు, రెండూ వలసవచ్చినవారితో పెరిగిన దేశాలు. కెనడాలో ఫ్రెంచికి సమాన హోదా ఉన్నా, రెండుచోట్లా ఎక్కువమంది మాట్లాడేది ఇంగ్లీషే. వాటి మధ్య సరిహద్దు పొడవు 8,891 కిలోమీటర్లు. రెండు దేశాల మధ్య ఇంత పొడవైన సరిహద్దు ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇన్ని పోలికలున్నా కెనడాలో ఆరోగ్య బీమా ప్రజలందరి హక్కుగా నిలిచింది, అమెరికాలో నిలవలేదు. ఎందువల్ల?

ఈ ప్రశ్న మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. కొడుకు డల్లాస్‌లో, కూతురు టొరాంటోలో ఉన్న తల్లిదండ్రులు ఆసుపత్రి ఖర్చుల గురించి, వీసాల గురించి రోజూ పోల్చి చూసుకుంటూనే ఉంటారు. చివరికి “అక్కడివాళ్ళ తీరే అంత” అని తేల్చేస్తారు. ఆ మాటనే శాస్త్రీయంగా, ఆధారాలతో చెప్పిన గ్రంథం ఒకటి ఉంది. అది అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త సేమూర్ మార్టిన్ లిప్‌సెట్ 1990లో ప్రచురించిన ‘కాంటినెంటల్ డివైడ్’. ఈ భాగంలో ఆ గ్రంథం చెప్పినదేమిటో, అందులో నిలిచేది ఎంతో, నిలవనిది ఎంతో పరిశీలిద్దాం.

2. గ్రంథంలోని వాదన

లిప్‌సెట్ వాదన సూటిగా ఉంటుంది. 1776 నాటి అమెరికన్ విప్లవం ఒక దేశాన్ని కాదు, రెండు దేశాలను సృష్టించింది. ఒకటి విప్లవ దేశం, రెండవది ప్రతివిప్లవ దేశం. బ్రిటిష్ రాజుకు విధేయులుగా ఉన్న రాజభక్తులు వేల సంఖ్యలో ఉత్తరాన ఉన్న కాలనీలకు తరలిపోయారు. విప్లవాన్ని కాదన్న ఈ ప్రజలు, ఫ్రెంచ్ క్యాథలిక్ క్విబెక్ కలిసి కెనడాకు పునాది వేశారు.

ఈ పునాది నుంచే రెండు రకాల విలువలు పుట్టాయని లిప్‌సెట్ అంటాడు. అమెరికన్లు వ్యక్తి స్వేచ్ఛను, పోటీని, ప్రభుత్వం పట్ల అనుమానాన్ని పెంచుకున్నారు. కెనడియన్లు చట్టం పట్ల గౌరవాన్ని, సామూహిక బాధ్యతను, ప్రభుత్వం మీద నమ్మకాన్ని పెంచుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన జీవితం, స్వేచ్ఛ, ఆనందాన్వేషణల గురించి మాట్లాడితే, కెనడా 1867 రాజ్యాంగ చట్టం శాంతి, క్రమం, సుపరిపాలనల గురించి మాట్లాడింది. మతం, సాహిత్యం, నేరాలు, కార్మిక సంఘాలు, సంక్షేమ వ్యయం ఇలా ఏ రంగాన్ని తీసుకున్నా ఈ తేడా కనిపిస్తుందని ఆయన చూపించాడు. రెండు దేశాలూ మారలేదని ఆయన అనలేదు. పక్కపక్క పట్టాలమీద పోయే రెండు రైళ్ళలా రెండూ చాలా దూరం వచ్చాయనీ, వాటి మధ్య ఎడం మాత్రం అలాగే ఉందనీ ఆయన అభిప్రాయం.

3. గ్రంథం బలాలు

ఈ గ్రంథానికి గల గౌరవం ఊరికే వచ్చినది కాదు. ఒక దేశాన్ని మాత్రమే తెలిసినవాడికి ఆ దేశం కూడా సరిగా తెలియదన్న పద్ధతి సూత్రాన్ని ఇంత విస్తృతంగా ఆచరించి చూపిన గ్రంథాలు తక్కువ. అభిప్రాయ సేకరణలను, చట్టాలను, నవలలను ఒకే ప్రశ్న చుట్టూ చేర్చడం సులభం కాదు. తన దేశం ప్రపంచానికి ఆదర్శమన్న అతిశయం కూడా ఇందులో లేదు. అమెరికాలో నేరాలు, అసమానతలు ఎక్కువగా ఉండటాన్ని ఆయన దాచలేదు. అవి తాను మెచ్చుకునే విలువలకే మరో ముఖమని ఒప్పుకున్నాడు.

4. పరిమితులు

మొదటి పరిమితి కాలానికి సంబంధించింది. తేడాకు కారణం 1776 అయితే, ఆ తేడా అప్పటినుంచీ కనిపించాలి. కార్మిక సంఘాలను చూడండి. 1950ల నడుమ రెండు దేశాల్లోనూ వ్యవసాయేతర కార్మికుల్లో దాదాపు మూడింట ఒక వంతు సంఘాల్లో ఉండేవారు. కెనడాలో ఆ నిష్పత్తి ఈనాటికీ 30 శాతం దరిదాపుల్లో ఉంది. అమెరికాలో అది 10 శాతానికి పడిపోయింది. ఈ చీలిక 1960ల తరువాత వచ్చింది. రెండు శతాబ్దాల నాటి విలువలు అంతవరకూ ఎక్కడ నిద్రపోయాయి? 1930ల మహామాంద్యం, న్యూడీల్ అమెరికాను తాత్కాలికంగా తన దారి తప్పించాయని లిప్‌సెట్ సమాధానం. కానీ సిద్ధాంతానికి సరిపడని ప్రతి కాలాన్నీ మినహాయింపు అంటూపోతే ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడం సాధ్యం కాదు.

ఆరోగ్య బీమాదీ ఇదే కథ. సస్కాచెవాన్ రాష్ట్రం 1962లో, వైద్యుల సమ్మెను ఎదుర్కొని, అందరికీ వైద్య బీమా తెచ్చింది. 1966లో కెనడా పార్లమెంటు దాన్ని దేశమంతటికీ విస్తరించే చట్టం చేసింది. అమెరికా 1965లో వృద్ధులకూ పేదలకూ మాత్రం పథకాలు తెచ్చి ఆగిపోయింది. అంతకుముందు వైద్యుల ఫీజులకు రెండుచోట్లా ప్రైవేటు బీమా, జేబు ఖర్చే ప్రధానం. ఇక్కడ విలువలకన్నా సంస్థల పాత్ర ఎక్కువగా కనిపిస్తుంది. నార్త్ డకోటా, సస్కాచెవాన్ రైతులు పండించింది గోధుమే, ఇద్దరి మొర రైల్వేలమీద, ధాన్యం కంపెనీలమీద, బ్యాంకులమీదే. అమెరికాలో ప్రైమరీ ఎన్నికలుండటంవల్ల నార్త్ డకోటా రైతుల నాన్‌పార్టిజన్ లీగ్ 1916లో రిపబ్లికన్ పార్టీ లోపలినుంచే అధికారానికి వచ్చింది. ప్రైమరీలు లేని సస్కాచెవాన్‌లో రైతులు విడిగా సీసీఎఫ్ అనే పార్టీ పెట్టుకొని 1944లో గెలిచారు. బీమాకు పట్టుబట్టింది ఆ పార్టీయే. చిత్రమేమిటంటే, లిప్‌సెట్ తొలి గ్రంథం ‘అగ్రేరియన్ సోషలిజం’ ఈ సస్కాచెవాన్ ఉద్యమం గురించే.

రెండవ పరిమితి, కెనడాను ఒకే ముద్దగా చూడటం. 1950ల వరకు చర్చి నీడలో ఉన్న క్విబెక్, 1960ల ‘ప్రశాంత విప్లవం’ తరువాత ఒక్క తరంలోనే చర్చి పట్టునుంచి బయటపడింది. విలువలు ఇంత వేగంగా మారగలవంటే పునాది కాలపు విలువలే శాశ్వతమన్న వాదం బలహీనపడుతుంది. 2005లో ఎడ్వర్డ్ గ్రాబ్, జేమ్స్ కర్టిస్ ఈ రెండు దేశాలను నాలుగు సమాజాలుగా విడదీసి చూశారు: క్విబెక్, మిగిలిన కెనడా, అమెరికా ఉత్తరం, అమెరికా దక్షిణం. ఇంగ్లీషు కెనడాకూ అమెరికా ఉత్తర ప్రాంతానికీ చాలా విషయాల్లో పెద్ద తేడా లేదని, అసలైన కొసలు క్విబెక్, అమెరికా దక్షిణాలని తేల్చారు. అంటే మనం ‘జాతీయ స్వభావం’ అనుకున్నదానిలో కొంత, రెండు ప్రాంతాలు సగటును రెండువైపులకు లాగడంవల్ల వచ్చింది.

5. అసలు లోటు: సంబంధం

ఈ రెండు విమర్శలూ ఇతరులు చేసినవే. నేను చాలా ఏళ్ళు ఈ గ్రంథాన్ని మెచ్చుకుంటూనే పాఠం చెప్పాను. ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో, ఉద్యోగం చేసుకుంటూ చదువుకునే ఒకాయన లేచి ఇలా అడిగాడు: “సార్, అన్నదమ్ములిద్దరి స్వభావాలూ వేరన్నారు, బాగుంది. వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా ఉన్నారో చెప్పలేదేమిటి?” ఆ రోజు నేను “అది అంతర్జాతీయ సంబంధాల పేపరులో వస్తుంది” అని దాటవేశాను. అది తప్పు సమాధానం. ఆయన ప్రశ్నలోనే ఈ గ్రంథానికి అసలైన విమర్శ ఉంది.

లిప్‌సెట్ రెండు దేశాలను రెండు వేర్వేరు గదుల్లో పెరిగిన పిల్లల్లా పోల్చాడు. కానీ కెనడా తీసుకున్న పెద్ద నిర్ణయాల్లో ఎన్నో పొరుగుదేశాన్ని చూసి తీసుకున్నవే. 1867 సమాఖ్యనే తీసుకోండి. అమెరికా అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. రెండు వైపుల మధ్య 1854 నుంచి ఉన్న వాణిజ్య ఒప్పందాన్ని అమెరికా 1866లో రద్దు చేసింది. దాడి భయమూ ఉంది. రాష్ట్రాలకు ఎక్కువ అధికారాలిస్తే అంతర్యుద్ధమే గతి అని కెనడా నిర్మాతలు పాఠం నేర్చుకొని, అవశిష్ట అధికారాలను కేంద్రానికి ఇచ్చారు. మన రాజ్యాంగ నిర్మాతలు ఈ పద్ధతినే కెనడానుంచి తీసుకున్నారని మీరు ఇంతకుముందు చదివి ఉంటారు. కెనడా బలమైన కేంద్రాన్ని కోరుకోవడానికి రాజభక్తుల వారసత్వం ఎంత కారణమో, పక్కింట్లో రేగిన మంట కూడా అంతే కారణం.

దౌత్య చరిత్రా ఇదే చెబుతుంది. 1903లో అలాస్కా సరిహద్దు వివాదంలో బ్రిటన్ ప్రతినిధి అమెరికా పక్షాన నిలవడంతో, తమ తరఫున తామే మాట్లాడుకోవాలని కెనడియన్లకు అర్థమైంది. 1923లో హాలిబట్ చేపల వేటపై అమెరికాతో కుదిరిన ఒప్పందం కెనడా బ్రిటన్ సంతకం లేకుండా చేసుకున్న మొదటిది. 1927లో వాషింగ్టన్‌లో కెనడా దౌత్య కార్యాలయం ప్రారంభమైంది. కెనడా విదేశాంగ విధానానికి స్వాతంత్ర్యం లండన్‌తో పేచీవల్ల ఎంత వచ్చిందో, వాషింగ్టన్‌తో వ్యవహారంవల్ల అంత వచ్చింది.

ఈ సంబంధమంతా భయమే అనుకోకండి. 1909 సరిహద్దు జలాల ఒప్పందం ఏర్పరచిన సంయుక్త కమిషన్‌లో ఇరువైపులా ముగ్గురేసి సభ్యులున్నారు. బలంలో ఎంత తేడా ఉన్నా బల్లదగ్గర సమానత్వాన్ని సాధించిన అరుదైన ఉదాహరణ అది. నదీజలాల తగవులు తెలిసిన తెలుగు విద్యార్థికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

స్వేచ్ఛా వాణిజ్యం మరో నిదర్శనం. 1911 ఎన్నికల్లో అమెరికాతో వాణిజ్య ఒప్పందాన్ని కన్సర్వేటివ్‌లు వ్యతిరేకించి గెలిచారు. 1988లో అదే కన్సర్వేటివ్‌లు స్వేచ్ఛా వాణిజ్యాన్ని సమర్థించి గెలిచారు, లిబరల్‌లు వ్యతిరేకించి ఓడారు. పార్టీల విలువలు తలకిందులైనా ప్రశ్న మాత్రం మారలేదు: పెద్ద పొరుగుకు ఎంత దగ్గరగా ఉండాలి? నిక్సన్ 1971లో దిగుమతులపై 10 శాతం అదనపు సుంకం వేసి కెనడాకు మినహాయింపు ఇవ్వనప్పుడు, మరుసటి ఏడాది కెనడా ఇతర దేశాలవైపు చూసే ‘మూడవ మార్గం’ ప్రకటించింది. అయినా ఈనాటికీ ఆ దేశపు ఎగుమతుల్లో దాదాపు మూడు వంతులు (నాలుగింట) అమెరికాకే పోతున్నాయి. 2025లో కొత్త సుంకాలు, కెనడాను 51వ రాష్ట్రం చేస్తామన్న మాటలు వచ్చినప్పుడు, ఓడిపోతారనుకున్న లిబరల్‌లు ఏప్రిల్ ఎన్నికల్లో తిరిగి గెలిచారు. కొద్ది నెలల్లో కెనడియన్ల పూర్వీకులు మారలేదు, పునాది విలువలు మారలేదు. మారింది పొరుగు ప్రవర్తన.

6. సారాంశం

లిప్‌సెట్ గ్రంథాన్ని పక్కన పెట్టమని నేను చెప్పడంలేదు. తేడాలను గుర్తించడంలో ఆయన చూపు నిశితం. ఆ తేడాలకు మూలాన్ని మాత్రం ఆయన ఒకే సంవత్సరంలో వెతికాడు. విలువలు, సంస్థలు, సంబంధం అనే మూడింటిలో ఆయన మొదటిదానికి పెద్దపీట వేశాడు, రెండవదానికి చిన్నపీట వేశాడు, మూడవదానికి దాదాపు చోటే ఇవ్వలేదు. పొరుగున ఉన్న రెండు దేశాలను పోల్చేటప్పుడు, వాటి మధ్య జరిగిన వ్యవహారం కూడా పోలికలో భాగమే. కెనడా భిన్నంగా పుట్టింది నిజమే. కానీ భిన్నంగా మిగలడానికి అది ప్రతి తరంలోనూ మళ్ళీ ప్రయత్నించవలసి వచ్చింది. “అక్కడివాళ్ళ తీరే అంత” అన్న మాట వినబడినప్పుడల్లా, ఆ తీరు ఎప్పుడు వచ్చింది, ఎవరిని చూసి వచ్చింది అని అడగండి. ఆ విద్యార్థికి ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు ఇదే.

7. ఆలోచించవలసిన ప్రశ్నలు

1. కార్మిక సంఘాల ఉదాహరణ లిప్‌సెట్ సిద్ధాంతాన్ని ఏ విధంగా బలహీనపరుస్తుంది?
2. నార్త్ డకోటా, సస్కాచెవాన్ రైతు ఉద్యమాల పోలికలో సంస్థల పాత్రను వివరించండి.
3. పొరుగున ఉన్న ఏవైనా రెండు దేశాలను లేదా రెండు రాష్ట్రాలను తీసుకొని, వాటి మధ్య తేడాల్లో సంబంధంవల్ల వచ్చినవేవో మీ మాటల్లో రాయండి.